అల్ఫారెట్టా గవర్నరు గారి కొబ్బరికాయలు

శనివారం పొద్దెక్కేసరికి అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టా గుడి ముందు కొత్త కార్లు బారు తీరతాయి. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమలు, అద్దానికి బంతిపూల దండ. కుర్రపూజారి కౌశిక్ శర్మ మంత్రం చదివి, హారతి తిప్పి, రెండడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకుంటాడు. అప్పుడు ధర్మారావు గారు కోటు చేతులు పైకి లాక్కుని ముందుకొస్తారు. కొబ్బరికాయను అరచేతిలో ఒకసారి తిప్పి చూసి, పక్కనున్న నల్లరాయి మీద ఒక్క దెబ్బ వేస్తారు. కాయ కత్తితో కోసినట్టు రెండు చిప్పలవుతుంది.

"చూశారా! మా ఊళ్ళో రాములవారి కల్యాణానికి వచ్చిన కాయలన్నీ నేనొక్కణ్ణే కొట్టేవాణ్ణండీ. ఒక్కటంటే ఒక్కటి వంకర పోలేదు. మా హెడ్మాస్టరు గారే వచ్చి భుజం తట్టారు" అంటారు.

కారు వాళ్ళు నవ్వుతారు, చప్పట్లు కొడతారు. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ చప్పట్లు కావాలి. కానీ కిందటి దసరా నుంచి ఆ చప్పట్ల మధ్య ఎవరైనా ఫోను పైకెత్తి వీడియో తీస్తుంటే చాలు, ఆయన గుండెలో ఏదో కలుక్కుమంటోంది. పైకి మాత్రం మీసం దువ్వుకుంటూ నిలబడతారు.

అల్ఫారెట్టాలో ఆయన్ని గవర్నరు గారంటారు. కమిటీలో ఉన్న దామోదర్ వేళాకోళానికి పెట్టిన పేరది. ధర్మారావు గారు దాన్ని బిరుదుగా తీసుకున్నారు. తీసుకోవడానికి తగిన మనిషే. కృష్ణా జిల్లాలో ఒక పల్లెలో పుట్టి, ఊరి బడిలో పదో తరగతి దాకా చదివి, వంతెనలు కట్టే కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీల మీద అజమాయిషీ చేసినవారు. అక్కగారి దరఖాస్తు మీద ఈ దేశం వచ్చి, ఒక పెద్ద గిడ్డంగిలో పెట్టెలు మోయడంతో మొదలుపెట్టి, చివరికి అందులోనే సూపర్‌వైజరై రిటైరయ్యారు. ఆ గిడ్డంగిలో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, మెక్సికో వాళ్ళు అందరూ ఆయన్ని "రావ్ సర్" అనేవారు. సర్ అని ఇంకెవర్నీ అనేవారు కారు. ఇది ఆయన చెప్పుకునే మాటే అయినా నిజమే.

మూతపడి కప్పు కారుతున్న ఒక స్కేటింగ్ హాలును చూసి "ఇదే మన గుడి" అన్నది ఆయన. పార్కింగుకు చోటు చాలదు, రద్దీ అవుతుందని చుట్టుపక్కల వాళ్ళు కౌంటీ ఆఫీసులో అభ్యంతరం పెడితే, లాయరును కూర్చోబెట్టి తనే లేచి నిలబడి, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పారు: "మేం వస్తాం, దణ్ణం పెడతాం, తింటాం, పోతాం. అంతే." అధికారులు నవ్వారు. అనుమతి వచ్చింది. స్కేటింగు కోసం నున్నగా వేసిన కర్రనేల మీద తడికాళ్ళతో ఆడవాళ్ళు జారిపడుతుంటే, గర్భగుడి చుట్టూ జనపనార పట్టాలు పరిపించింది ఆయనే. ఎమ్మెస్ చదివే పిల్లలు ఆదివారం పూట కడుపునిండా సాంబారన్నం తినేలా వంటశాల పెట్టించింది కూడా ఆయనే. అల్ఫారెట్టా గుడికి ఏది ఉందో అది ధర్మారావు గారి చేతిమీదుగా వచ్చింది.

అయితే గవర్నరన్నాక పైన ఇంకొకరుంటారు. ఆ గుడి గోదావరి ఒడ్డున ఉన్న ఒక పీఠానికి శాఖ. జెర్సీ సిటీలో ఒకటి, ప్లేనోలో ఒకటి, ఇక్కడొకటి. ప్రతి శాఖకూ ఒక అధికారి ఉంటాడు, ఇక్కడ ధర్మారావు గారే. దీపం ఎప్పుడు పెట్టాలో, ఏ పూజారి ఏ ఊళ్ళో ఉండాలో అంతా పీఠమే చెబుతుంది. పూజారుల వీసాలు పీఠం పేరు మీదే ఉంటాయి. పీఠం "నీ పని అయిపోయింది" అంటే ఆ పూజారి పెట్టే సర్దుకోవాల్సిందే. ఏడు సముద్రాల అవతల కూర్చున్న పెద్దలకు ఇక్కడి వానా తెలియదు, ఇక్కడి మనుషులూ తెలియరు. పీఠంతో వాదించిన సందర్భాలు ధర్మారావు గారికి చాలా ఉన్నాయి. వంటశాల వద్దంటే పెట్టారు. సోమవారం గుడి మూయొద్దంటే మూశారు. కానీ అవన్నీ ఉప్పూ పప్పుల తగాదాలు. ఈసారిది అలాంటిది కాదు.

సంగతి దసరాలప్పుడు మొదలైంది. వంటశాలలో పులిహోర గంగాళం దగ్గర ధర్మారావు గారు ఒక్కరే ఉన్న సమయం చూసుకుని కౌశిక్ వచ్చాడు.

"బాబాయ్ గారూ, ఒక మాట."

"చెప్పవయ్యా. జీతం సంగతైతే పీఠానికి రాశాను."

"అది కాదండి. వేదకి నాలుగో నెల."

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! మరి ఆ మొహమేంటి, దేశం మునిగినట్టు?"

కౌశిక్ తలుపు వంక చూసి గొంతు తగ్గించాడు. "ఇంతకు ముందు రెండు పోయాయండి. రెండుసార్లూ సంతోషం పట్టలేక అందరికీ చెప్పేసుకున్నాం. ఈసారి డాక్టరమ్మ లోపల కుట్టు వేసింది. మంచం దిగొద్దు, ప్రయాణాలు అసలే వద్దు, మనసు కూడా స్థిమితంగా ఉండాలి అంది. మా అత్తగారేమో ఫోన్లో ఒకటే గోల. పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు కొబ్బరికాయ కొట్టకూడదని."

"మా అమ్మా అనేది ఆ మాట. కానీ నువ్వు పూజారివి కదా, నీకూ ఉంటుందా ఆ పట్టింపు?"

"అర్చకుడికి అంటదనే మా గురువుగారు చెప్పేవారు. కానీ మా ఇల్లు గుడి వెనకేనాయె. ఇక్కడ కాయ కొట్టిన చప్పుడు అక్కడికి వినిపిస్తుంది. చప్పుడైనప్పుడల్లా తను చెవులు మూసుకుని, కడుపు పట్టుకుని..." ఇరవై ఎనిమిదేళ్ళవాడు, మూడు వేదపరీక్షలు నెగ్గినవాడు, ఆ మాట పూర్తి చేయలేకపోయాడు.

ధర్మారావు గారు గరిటె పక్కన పెట్టారు. "చాల్లే. ఇవాళ్టి నుంచి కాయలన్నీ నావి. వెళ్ళి మీ ఆవిడకి చెప్పు, చప్పుడు వినిపిస్తే అది ధర్మారావు దెబ్బ అని."

"ఎవరికీ తెలియకూడదండి. దిష్టి అని భయపడుతోంది. కమిటీకి గానీ, పీఠానికి గానీ..."

"నేను మాటిస్తే అది మేకు దిగినట్టే. అడుగు, మా కాంట్రాక్టరు బతికుంటే ఆయన్ని అడుగు."

అలా మొదలైంది. గర్భగుడి ముందు భక్తుల కాయలు, బయట కార్ల కాయలు, అన్నీ ధర్మారావు గారే కొట్టేవారు. ఆయనకు అలాంటివంటే సరదా అని అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన భార్య లీలావతి గారు రోజూ ఒక పూట వేద దగ్గర కూర్చునేవారు. రాయి మీద చప్పుడైనప్పుడు, "అదిగో మీ బాబాయ్ గారు. ఇప్పుడు ఊళ్ళో రాములవారి కల్యాణం కథ మొదలుపెడతారు చూడు" అని నవ్వించేవారు. వేదకు అయిదో నెల దాటింది, ఆరోది దాటింది.

డిసెంబరులో దామోదర్ కొత్త ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. పూజ చేయించుకుని, మొత్తం వీడియో తీయించి, పాట కలిపి, అన్ని శాఖల వాళ్ళూ ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందులో కౌశిక్ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. కోటు వేసుకున్న ధర్మారావు గారు కాయ కొట్టి మీసం దువ్వుకున్నారు. ఆ వీడియో అరగంటలో గోదావరి చేరింది. పీఠం కార్యదర్శి పాపయ్య గారు ఫోను చేశారు. ఆయన తాలూకాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మాట మెత్తన, పట్టు గట్టి.

"ఏవండీ ధర్మారావు గారూ, కులాసానా?"

"మీ దయండి."

"కాయలు మీరు కొడుతున్నారేవిటండీ? పూజారి పక్కన దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. కోటేసుకుని కాయ కొట్టే సంప్రదాయం ఏ ఆగమంలో ఉందో సెలవిస్తారా?"

"ఏదో ముచ్చటండి. చిన్నప్పటి నుంచీ అలవాటు."

"ఎన్నాళ్ళ నుంచి ఈ ముచ్చట?"

"దసరాల నుంచండి."

"దసరాల నుంచా!" పాపయ్య గారి మాట ఇంకా మెత్తబడింది. "అధికారి అన్నవాడు పూజారి హక్కులోకి వెళ్ళకూడదండీ. ఇవాళ కాయ అంటారు, రేపు హారతంటారు. కౌశిక్ మెతకవాడు, మీకు ఎదురు చెప్పలేడు. ఆ అబ్బాయిని అక్కడ ఉంచడం భావ్యం కాదని పెద్దలు అనుకుంటున్నారు."

ధర్మారావు గారు ఫోను కింద పెట్టారు. తన గొప్పకోసం తాను చేస్తున్నానని వాళ్ళు నమ్మారు. అలా నమ్మించింది తానే. ఇప్పుడు ఆ నమ్మకం తిరిగి తిరిగి వేద మంచం మీద పడుతోంది.

రెండు రోజులకు ఉత్తర్వు వచ్చింది. ప్లేనోలో కొత్త మూర్తుల ప్రతిష్ఠ ఉంది, కౌశిక్ శర్మ కుటుంబంతో సహా వెంటనే అక్కడికి వెళ్ళాలి, అల్ఫారెట్టాకు జెర్సీ సిటీ నుంచి వేరే పూజారి వస్తాడు. కౌశిక్ ఆ కబురు విని గోడకు జారగిలబడ్డాడు.

"ప్లేనో అంటే విమానంలో రెండు గంటలండి. కారులో అయితే ఒక రోజంతా. డాక్టరమ్మ బాత్రూముకి కూడా మెల్లగా నడవమంది."

"నువ్వు ఒక్కడివే వెళ్ళి వస్తే?"

"కుటుంబంతో అని రాశారు. ఈ ఇల్లు కొత్త పూజారికి ఇవ్వాలట. పైగా తనని ఒంటరిగా..."

"సరే, సరే. వేదకి చెప్పావా?"

"చెప్పలేదండి. చెప్పను కూడా. భయపడితే అదే చాలు."

ధర్మారావు గారు పీఠానికి జవాబు రాశారు. తన జీవితంలో రాసిన ఉత్తరాలన్నిటిలోకీ వినయంగా రాశారు. తమరి ఆజ్ఞ శిరసావహిస్తున్నాం, ధనుర్మాసం నడుస్తోంది కనుక పూజలు మధ్యలో ఆపడం అపచారం, నెల పూర్తవగానే పంపుతాం అని. పీఠం సరేనంది. ధనుర్మాసం అయిపోయింది. అప్పుడు అదృష్టవశాత్తూ రోడ్లన్నీ మంచు గడ్డకట్టి అట్లాంటా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇళ్ళల్లో తలుపులేసుకు కూర్చున్నాయి. "ప్రయాణానికి వాతావరణం అనుకూలంగా లేదు" అని రాశారు. మంచు కరిగింది. కౌశిక్‌కు జ్వరం అని రాశారు. అది అబద్ధం. గుడి పని మీద ఆయన రాసిన మొదటి అబద్ధం. రాసి పంపాక దేవుడి గదిలోకి వెళ్ళడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

పీఠం నుంచి ఈసారి జవాబు రాలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవారు. మోగకపోతే ఇంకా భయపడేవారు. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చునేవారు.

"చెప్పేస్తే పోలేదా" అన్నారు లీలావతి గారు ఒకరోజు. "పాపయ్య గారు మాత్రం పిల్లల్ని కన్నవాడు కాదా?"

"చెబితే ఏమవుతుందో తెలుసా? గ్రూపులో పెడతారు, శుభాకాంక్షలు అంటారు, బొమ్మలు పంపుతారు. ఆ పిల్ల అది చూసి వణికిపోతుంది. పైగా ఇన్నాళ్ళూ దాచినందుకు వాళ్ళ కోపం నా మీద ఆగదే. కౌశిక్ మీద పడుతుంది. వాడి వీసా వాళ్ళ చేతిలో ఉంది."

"పోనీ వేదనే అడగనా, మాట వెనక్కి ఇవ్వమని?"

"అడిగితే పరిస్థితి ఇలా ఉందని తెలిసిపోదూ? మనసు స్థిమితంగా ఉండాలన్నారు కదా."

"అయితే మీ మనసేం కావాలి?"

"నాదేముందే. వంతెన దూలం కింద నిలబడి పనిచేయించినవాణ్ణి" అన్నారు గాని, కలిపిన ముద్ద మళ్ళీ కంచంలోనే పెట్టేశారు.

ఆ వారంలో దామోదర్ గుడికి వచ్చాడు. వరంగల్ వాడు. పేరున్న కంపెనీలో మేనేజరు. మనసు మంచిదే, నోరు ఆగదు.

"అంకుల్, ఒకటి చెప్త, ఫీల్ కావద్దు. పీఠం వాళ్ళు నాకు కాల్ చేసిన్రు. సండే మార్నింగ్ వీడియో మీటింగ్ పెడుతున్నరు. మీరు ఆర్డర్ ఇంప్లిమెంట్ చేస్తలేరంట కదా?"

"చేస్తానయ్యా. కాస్త వ్యవధి కావాలి."

"ఎందుకు? ఒక రీజన్ చెప్పుండ్రి, నేను సపోర్ట్ చేస్త. మీకు ఆ కొబ్బరికాయల షో అంత ఇంపార్టెంటా? ఒక పూజారి కెరీర్ పాడవుతుంది కదా!"

ధర్మారావు గారి మొహం ఎర్రబడింది. నేనా! పాడుచేసేది నేనా! అని నోటిదాకా వచ్చింది. మింగేశారు. "అవునయ్యా, నాకు ముచ్చట. గవర్నరువని పేరు పెట్టింది నువ్వే కదా. గవర్నరుకి సరదాలుంటాయి."

దామోదర్ తల అడ్డంగా ఊపాడు. "మీరు ఆర్డర్ ఫాలో కాకపోతే నన్ను చార్జ్ తీసుకొమ్మంటున్నరు అంకుల్. నేను అడగలేదు. కానీ వద్దనలేదు కూడా. మీకు ముందే చెప్పాలె కదా అని వచ్చిన."

"చెప్పినందుకు మంచిది. కాఫీ తాగి వెళ్ళు" అన్నారు ధర్మారావు గారు.

ఆదివారం ఉదయం గుడి హాల్లో పెద్ద తెర దింపారు. ప్రతివారం గుడి ముందుబల్ల దగ్గర కూర్చునే కృతి కంప్యూటరు కలిపింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, హైస్కూలు చివరి ఏడాది.

"అంకుల్, వాల్యూమ్ ఓకేనా? వాళ్ళు మనని చూస్తున్నారు. మీరు కొంచెం స్మైల్ చెయ్యండి, మీరు చాలా స్కేర్డ్‌గా కనిపిస్తున్నారు."

"స్కేర్డ్ కాదమ్మా, చలి" అన్నారాయన. హీటరు గిర్రున తిరుగుతోంది.

తెర మీద పాపయ్య గారు నుదుట విభూతితో, అటూ ఇటూ ఇద్దరు పెద్దలతో కూర్చున్నారు. అక్కడ సాయంకాలం. వెనకెక్కడో గంట మోగుతోంది. ఇవతల ధర్మారావు గారు, దామోదర్, మిగతా కమిటీ, ఒక పక్కగా కౌశిక్. లీలావతి గారు ఆ పూట వేద దగ్గర ఉన్నారు.

పాపయ్య గారు కాగితం చూడకుండానే అంతా ఏకరువు పెట్టారు. ఉత్తర్వు ఏనాడు వచ్చింది, ఏం సాకులు రాశారు, జ్వరం అన్న రోజున కౌశిక్ సుప్రభాతం చదువుతున్న వీడియో ఏ భక్తుడు పెట్టాడు. కమిటీ వాళ్ళు ధర్మారావు గారి వంక చూడలేక తలలు దించుకున్నారు.

"దీనికి మీ సమాధానం ఏవిటండీ?"

ధర్మారావు గారు లేచి నిలబడ్డారు. స్కేటింగ్ హాలు సంగతి చెబుదామనుకున్నారు. కౌంటీ సంగతి, వంటశాల సంగతి, పిల్లల సాంబారన్నం సంగతి చెబుదామనుకున్నారు. రాత్రంతా మనసులో వల్లె వేసుకున్నదే. ఒక్కటీ నోటికి రాలేదు. ఏ గొప్ప చెప్పుకున్నా అది కౌశిక్‌ను ఇక్కడ ఉంచదని అప్పుడే తెలిసింది.

"నాదే తప్పండి. కాయ కొట్టాలన్న కోరిక నాది. కౌశిక్ తప్పు ఇందులో రవ్వంత లేదు. నన్ను తీసేయండి. వాణ్ణి మాత్రం ఉగాది దాకా కదపకండి."

"ఎందుకని?"

"కారణం చెప్పలేనండి."

"చెప్పలేని కారణానికి పీఠం ఆగదండీ" అన్నారు పాపయ్య గారు మెత్తగా. పక్కన పెద్దలు ఏదో గుసగుసలాడారు. ఆయన తల ఊపి అన్నారు, "సరే, ఇదంతా ఎందుకు. కౌశిక్ మీ చేతుల్లో ఉన్నాడా లేదా అన్నదే మా అనుమానం. ఏవయ్యా కౌశికూ, అక్కడ కాయలున్నాయి కదా. మా అందరి ఎదటా నువ్వే ఒక కాయ కొట్టు. ఎవరికీ భయపడక్కర్లేదు. ఆ తరవాత గురువారం ప్లేనోకి బయల్దేరు. ఈ గొడవ ఇక్కడితో సమసిపోతుంది."

దామోదర్ ఉత్సాహంగా లేచి, పళ్ళెంలోంచి కాయ తీసి కౌశిక్ చేతిలో పెట్టాడు. "కొట్టుండ్రి పంతులు గారూ, బిందాస్‌గా." లోపల కాయలు కొట్టే చిన్న బండను కూడా ముందుకు జరిపాడు.

కౌశిక్ కాయ పట్టుకుని నిలబడ్డాడు. వెనక గోడకు అవతలే అతని ఇల్లు. చెయ్యి పైకెత్తాడు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. కొడితే వేదకిచ్చిన మాట పోతుంది. కొట్టకపోతే పీఠం ఆజ్ఞ పోతుంది.

ధర్మారావు గారు రెండంగల్లో వెళ్ళారు. కౌశిక్ చేతిలోని కాయ లాక్కుని బండ మీద కొట్టారు. అదిరిన చేత్తో కొట్టిన దెబ్బ. కాయ వంకరగా, మూడు ముక్కలుగా పగిలి, నీళ్ళు ఆయన కోటు మీదా కర్రనేల మీదా చిందాయి.

"అంకుల్! ఏం చేస్తున్నరు మీరు!" అని దామోదర్ అరిచాడు. "లైవ్‌లో, వాళ్ళ ముందే..."

తెర మీద పక్క పెద్దలిద్దరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ధిక్కారం అన్న మాట వినిపించింది. పాపయ్య గారు మాత్రం చెయ్యెత్తి వాళ్ళను ఆపారు. ఆయన ధర్మారావు గారిని చూడటం లేదు. కౌశిక్‌నే చూస్తున్నారు. గాల్లో ఆగిపోయిన ఆ చేతిని, ఆ చెమటను. కాయ పగిలిన చప్పుడుకు వెనక గోడ వంక తిరిగిన అతని మొహాన్ని. చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు.

"కౌశికూ."

"అయ్యా."

"మీ ఇంట్లో అమ్మాయి కులాసానా?"

"కులాసానేనండి... ఇప్పటివరకూ."

"ఆహాఁ" అన్నారు పాపయ్య గారు. ఆ ఒక్క మాటలో అంతా అర్థం చేసుకున్న ముసలి మనిషి ఉన్నాడు. ఇవతల కమిటీ వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సాఫ్ట్‌వేరు పిల్లలు, వాళ్ళకేం తెలుసు. కృతి అయితే కెమెరా ఏమైనా పాడైందేమోనని తీగ సరిచేసింది.

పాపయ్య గారు పక్క పెద్దలతో చెవిలో ఏదో అన్నారు. వాళ్ళ మొహాలు కూడా మారాయి. తరవాత గొంతు సవరించుకున్నారు.

"ప్లేనో ప్రతిష్ఠకి జెర్సీ సిటీ పూజారి వెళతాడు. కౌశిక్ అల్ఫారెట్టాలోనే ఉంటాడు. ఉగాది దాటాక, మేం చెప్పేదాకా అతన్ని ఎవరూ కదపొద్దు. ఎందుకని ఎవరూ అడగొద్దు. గ్రూపులో ఈ ప్రస్తావన రావడానికి వీల్లేదు."

కౌశిక్ ఉన్నచోటే కూలబడి, రెండు చేతులూ ఎత్తి తెరకు నమస్కారం పెట్టాడు.

"ధర్మారావు గారూ" అన్నారు పాపయ్య గారు. "నాతో చెప్పి ఉండాల్సిందండీ."

"మాటిచ్చానండి."

"నాకు కూడా చెప్పకూడని మాటా?"

"ఎవరికీ చెప్పనన్నానండి. అందులో మిమ్మల్ని మినహాయించలేదు."

పాపయ్య గారు నిట్టూర్చారు. "మీరు చేసింది తప్పని మనిషిగా అనలేను. కానీ పీఠానికి అబద్ధం రాశారు. ఉత్తర్వును మూడుసార్లు తొక్కిపెట్టారు. మిమ్మల్ని ఉంచితే రేపు ప్లేనో వాడూ ఇంతే చేస్తాడు, జెర్సీ సిటీ వాడూ ఇంతే చేస్తాడు. గుడి తాళాలు దామోదర్ గారికి అప్పగించండి."

"అలాగేనండి" అన్నారు ధర్మారావు గారు. వాదించలేదు. జీవితంలో పీఠం మాటకు ఆయన వాదించకుండా తలొగ్గింది అదే మొదటిసారి.

తెర ఆరిపోయాక దామోదర్ దగ్గరికి వచ్చాడు. అతని మొహంలో గెలిచిన కళ లేదు. "అంకుల్, ఇంత దూరం పోతుందని అనుకోలే. అసలేమైందో నాకు ఇప్పటికీ సమజ్ కాలే."

"మీ అమ్మ వరంగల్లో ఉందిగా?"

"ఉంది."

"ఎప్పుడైనా అడుగు. ఇప్పుడు కాదు. ఉగాది అయ్యాక అడుగు." తాళాల గుత్తి అతని అరచేతిలో పెట్టి మూశారు. "వంటశాల తాళం కాస్త బిగుసుంటుంది. పైకెత్తి తిప్పాలి. ఆదివారం పిల్లలు ఆకలితో వస్తారు, ఆలస్యం చేయకు."

కోటు మీది కొబ్బరినీళ్ళు ఆరకముందే ఆయన వెనక ఇంటికి నడిచారు. కౌశిక్ ముందు పరిగెత్తాడు. లీలావతి గారు తలుపు తీసి, వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. లోపల గదిలో వేద పక్కకు తిరిగి పడుకుని ఉంది. చేతులు పొట్ట మీద ఉన్నాయి, కళ్ళు మూతపడలేదు. కౌశిక్ గుమ్మంలో ఆగిపోయాడు, ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక.

వేద ధర్మారావు గారి వంక చూసింది. "ప్లేనో వెళ్ళాలా బాబాయ్ గారూ?"

కౌశిక్ తెల్లబోయాడు. "నీకెవరు చెప్పారు?"

"నువ్వు చెప్పలేదుగా. అందుకే తెలిసింది" అంది వేద. "సూట్‌కేసు మంచం కిందనుంచి నెల రోజులుగా రోజూ తీసి చూసి మళ్ళీ తోస్తున్నావు. నేను పడుకున్నాననుకున్నావా? అడిగితే నువ్వు ఇంకా కంగారు పడతావని ఊరుకున్నాను." ఆమె కళ్ళు ధర్మారావు గారి మీద నుంచి కదల్లేదు. "వెళ్ళాలాండి?"

"వద్దమ్మా. ఎక్కడికీ వద్దు. ఇక్కడే."

"మరి మీరు?"

"నాకేం. దిలాసాగా ఉన్నాను."

లీలావతి గారు భర్త మొహం చూశారు, నడుము దగ్గర ఎప్పుడూ వేలాడే తాళాల గుత్తి లేకపోవడం చూశారు. వేద అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి మెల్లగా వదిలింది. కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆమె భుజం నెమ్మదిగా పైకీ కిందికీ ఆడసాగింది. నిజంగానే నిద్రపట్టింది. ఇంకా రెండు నెలలుంది. డాక్టరమ్మ ఏ పూటా పూర్తి భరోసా ఇవ్వలేదు. కౌశిక్ మంచం పక్కన నేల మీద కూర్చుని ఆ ఊపిరి వంకే చూస్తున్నాడు.

ధర్మారావు గారు చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా బయటికి నడిచారు.